నవ్వు ఎవరి మీద, కెమెరా ఎవరి పక్క

ఒక పాత్ర తెర మీదికి వచ్చి, ఇంకా ఏ పనీ చేయకముందే, తొలి మాటకే హాలు నవ్విందంటే ఆ నవ్వు ఆ పాత్ర సంపాదించుకున్నది కాదు. అంతకుముందు వచ్చిన వందల సినిమాలు కూడబెట్టి ఉంచిన సొమ్ము అది. ‘ఓలమ్మో’ అంటే పనిమనిషి, ‘ఏందిర భై’ అంటే రౌడీ, తొడ చరిస్తే సీమ, నత్తి వినపడితే కామెడీ. ప్రేక్షకుడు మనిషిని చూడడం ఆపేసి, ఏ బాపతో గుర్తుపట్టడం మొదలుపెడతాడు. గుర్తుపట్టేశాక ఇక చూడాల్సిన అవసరం అతనికి కనిపించదు.

ఇలా ముందే పోత పోసి ఉంచిన పాత్రనే మూస పాత్ర అంటాం. మూస అనే మాట కంసాలి కొలిమి దగ్గరిది. చిత్రంగా, ఇంగ్లీషువాళ్ల ‘స్టీరియోటైప్’ కూడా పుట్టుకతో లోహపు మాటే. అచ్చుకు పేర్చిన అక్షరాల పేజీ మొత్తాన్ని ఒకే పలకగా పోత పోసే పద్ధతికి ఆ పేరు. 1922లో అమెరికన్ పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ దాన్ని మనుషుల బుర్రల్లో ముందే ముద్రపడి ఉన్న బొమ్మలకు వాడాక ఇప్పటి అర్థం స్థిరపడింది. అచ్చుపలకతో లాభమేమిటంటే ప్రతిసారీ అక్షరాలు పేర్చుకోనక్కర్లేదు. సినిమాలో మూస బతికేదీ ఆ లాభం మీదే. రెండున్నర గంటల సినిమాలో అరవై, డెబ్బయి సీన్లు ఉంటాయనుకుంటే గేటు తీసే వాచ్‌మన్‌కు దక్కేది అరనిమిషం. అతని ఇంటి అప్పు, పిల్లల చదువు రాయమని ఎవరూ అడగరు. అరనిమిషం పాత్రకు మూస అంటే పొదుపే, తప్పేమీ లేదు. అదే మనిషి ఇరవై నిమిషాలు తెర మీద తిరిగి, చివరికి కూడా గేటు తీసిన మనిషిగానే మిగిలిపోతే అక్కడ వస్తుంది తంటా.

దీనికి అందరూ చెప్పే విరుగుడు ఒకటుంది: ‘ఆ పాత్రను కాస్త మంచిగా చూపించండి’. ఇది పనిచేయదు. ప్రేక్షకుడి మనసు మంచితనం వెంట పోతుందనుకోవడం పొరపాటు. దొంగలు, పేకాటరాయుళ్లు, స్మగ్లర్లు హీరోలైన సినిమాల్లో వాళ్లు పట్టుబడబోతుంటే హాలంతా ఊపిరి బిగబడుతుంది. అదే సినిమాలో రెండు సీన్లలో కనిపించే నిజాయతీ గల తహసీల్దారు పేరు బయటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు. ‘ఎర్రచందనం నరికేవాడు’ అన్న ఒక్క ముక్కగా పేపర్లో కనిపించే కూలీ, ‘పుష్ప’ (2021)లో చిత్తూరు యాసతో మూడు గంటల సేపు జనాన్ని తన వెంట తిప్పుకున్నాడు. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది, తెలుగు నటుల్లో మొదటిసారి. అందులో పాత్ర మంచితనం పాలు ఎంతో చూసినవాళ్లకు తెలుసు.

సినిమా సిద్ధాంతకర్త మర్రే స్మిత్ 1995లో ఈ వ్యవహారాన్ని మూడు మెట్లుగా విడదీశాడు. తెలుగులో చెప్పుకుంటే గుర్తుపట్టడం, వెంట నడవడం, పక్షం వహించడం. మొదటి మెట్టు మీద ప్రేక్షకుడికి ‘ఈ ముఖం, ఈ గొంతు, ఫలానా మనిషి’ అని తెలుస్తుంది. రెండో మెట్టు మీద కథ ఆ మనిషి ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. ఆ మనిషికి తెలిసింది మనకూ తెలుస్తుంది, లోపల ఏం మెదులుతోందో అందుతుంది. మూడో మెట్టు మీద మనం ఆ మనిషి తరఫున నిలబడతాం, గెలవాలని కోరుకుంటాం. రచయితలు ఎక్కువగా మొదటి మెట్టు నుంచి మూడోదానికి ఒక్క గెంతు గెంతించాలని చూస్తారు, మధ్యదాన్ని వదిలేస్తారు. మూస పాత్ర అంటే మొదటి మెట్టు మీదే కట్టి ఉంచిన పాత్ర. దానికి ఎంత మంచితనం పూసినా రెండో మెట్టు ఎక్కనిస్తే తప్ప కదలదు.

రెండో మెట్టు కట్టేది డైలాగు కంటే ఎక్కువగా షాట్ల వరస. రష్యాలో దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందట చేసిన ప్రయోగం సినిమా చదువుకున్న ప్రతివాడికీ తెలిసిందే. ఏ భావమూ లేని నటుడి ముఖం ఒక్కటే. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి స్త్రీ. చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, మోహం విడివిడిగా కనిపెట్టారని చెబుతారు. ఇందులో మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఒక మనిషి ముఖం, వెంటనే ఆ మనిషి చూస్తున్న వస్తువు, మళ్లీ ఆ ముఖం అని మూడు షాట్లు పేరిస్తే ప్రేక్షకుడు అడగకుండానే ఆ ముఖం లోపలికి దూరతాడు. ఈ మూడు షాట్ల వరస తెలుగు సినిమాలో పనిమనిషికి, అటెండర్‌కు, హీరో స్నేహితుడికి ఎన్నిసార్లు దక్కిందో లెక్కపెడితే వేళ్లు మిగులుతాయి. వాళ్లు ఎప్పుడూ హీరో భుజం వెనక నుంచి, ఫ్రేము అంచున, నిలువెత్తు దూరంలో కనిపిస్తారు. వాళ్లు మాట్లాడాక కోత (కట్) హీరో ముఖం మీదికి వెళ్తుంది: అతను నవ్వాడా, విసుక్కున్నాడా అని. నవ్వాలో వద్దో ప్రేక్షకుడికి చెప్పేది ఆ రెండో షాటే.

యాస సంగతికి వద్దాం. తెలుగు తెర మీద మూసకు అన్నిటికంటే పాత సరుకు అదే.

పరిశ్రమ మద్రాసులో పెరిగింది. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల రచయితలు, నాటకాల నటులు, పత్రికల భాష కలిసి ఒక ‘మామూలు తెలుగు’ను తయారుచేశాయి. ఆ తెలుగు మాట్లాడే పాత్రకు ఊరు ఉండదు. అది హీరో. మిగతా తెలుగులన్నిటికీ ఊరు ఉంటుంది, ఊరితో పాటు ఒక ఉద్యోగమూ ఉంటుంది: ఉత్తరాంధ్ర మాటకు ఇంటిపని, తెలంగాణ మాటకు రౌడీయిజమో రాజకీయమో, సీమ మాటకు కత్తి. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు కాశయ్య అనే రాజకీయ నాయకుడికి తెలంగాణ యాస పెట్టి ఆ పాత్రను జనం నోళ్లలో నిలబెట్టారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. 1993లో ‘మనీ’లో బ్రహ్మానందం ఖాన్‌దాదా హైదరాబాదు మాటతోనే నవ్వించాడు. రెండూ గొప్ప నటనలే, అందులో రెండో మాట లేదు. ఒక్కో సినిమాను విడిగా పట్టుకుని తప్పుపట్టడం వల్ల ఒరిగేది లేదు. తప్పు లెక్క మొత్తం మీద వస్తుంది: అదే యాసలో ఒక ప్రేమికుడో, డాక్టరో, కోడలో, దిగులు పడ్డ తండ్రో కనిపించకుండా దశాబ్దాలు గడిచిపోవడం. ఉన్నవాటిలో కూడా ‘మాభూమి’, ‘దాసి’ లాంటివి సమాంతర సినిమా గట్టు మీదే ఉండిపోయాయి, మామూలు హాళ్లలో వాటి యాస అలవాటు కాలేదు.

యాసను మూసగా వాడినప్పుడు అది తప్పుగా కూడా ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు. మూసకు కావాల్సింది యాస వాసన మాత్రమే కాబట్టి రచయిత ముందు మామూలు తెలుగులో వాక్యం రాసి, పైన నాలుగు మాటలు చల్లుతాడు. ‘ఏందిరా బిడ్డా, గిట్ల చేశావేంటి’ అన్న వాక్యం చూడండి. ‘గిట్ల’ తెలంగాణది, ‘చేశావేంటి’ కోస్తాది. ‘ఏంరా, గిట్ల జేసినవేంది’ అంటే మాట నిలబడుతుంది. యాస ప్రాణం విడిమాటల్లో కంటే క్రియ చివర ఉంటుంది. వచ్చాడు అనేది వచ్చిండు అవుతుంది, వచ్చాను అనేది వచ్చిన అవుతుంది. కరీంనగర్, వరంగల్ వైపు అదే అచ్చిండు. పోతున్న అనేది పోతాన. మహబూబ్‌నగర్ మాట మళ్లీ వేరు. సీమలో ‘యాడికి పోతాండావు’ అనే మనిషి నోట ‘యాడికి వెళ్తున్నావు’ రాదు. శ్రీకాకుళంలో ‘ఏటి సేస్తన్నావు’ అనే ఆవిడ మరో వాక్యంలో ‘ఏం చేస్తున్నారండీ’ అందంటే, పక్కన ఆఫీసరో కొత్త మనిషో ఉండాలి.

ఈ చివరి సంగతి చిన్నది కాదు. నిజంగా యాస మాట్లాడే మనిషి అందరితో ఒకేలా మాట్లాడడు. ఆఫీసులో ఒక తెలుగు, అమ్మతో ఫోనులో ఒక తెలుగు, కోపం వస్తే మూడోది. ఎదుటి మనిషిని బట్టి మాట మార్చుకునే పాత్రకు లోపల ఒక మనసు ఉందని ప్రేక్షకుడు తనంతట తానే గ్రహిస్తాడు. ఎవరి ముందు ఏం దాచుకుంటోందో చూస్తాడు. కామెడీ ట్రాక్‌లోని పాత్ర మాత్రం పోలీసు ముందూ, పెళ్లాం ముందూ, దేవుడి ముందూ ఒకే మోతాదులో యాస దంచుతుంది. దాన్ని అక్కడ పెట్టింది అందుకే కాబట్టి. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి: తండ్రి, బాబాయి, మేనత్త అందరూ యాసలో మాట్లాడుతుంటే అదే ఇంట్లో పుట్టి పెరిగిన హీరో మాత్రం టీవీ న్యూస్ చదువుతున్నట్టు మాట్లాడతాడు. అతను హాస్టల్లో చదివాడని ఒక్క మాట ఎక్కడైనా పడితే సరిపోయేది. పడదు. హీరోయిన్‌ది పల్లెటూరైనా గొంతు డబ్బింగ్ థియేటర్‌ది. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ అమ్మాయి భానుమతికి సాయిపల్లవి తన గొంతే ఇచ్చుకోవడం అంత పెద్ద వార్త అయిందంటే, అది మామూలుగా జరగదనే కదా.

2016లో ‘పెళ్ళిచూపులు’లో కౌశిక్ హీరో స్నేహితుడే, నవ్వించే పాత్రే. అయినా అతని తెలంగాణ మాట మీద ఎవరూ నవ్వలేదు, అతను చెప్పే విషయం మీద నవ్వారు. పక్కనున్న స్నేహితులు అతని మాటను వింతగా చూడరు, వెక్కిరించరు, మామూలుగా జవాబిస్తారు. ఎదుటివాళ్లు మామూలుగా తీసుకున్నదాన్ని ప్రేక్షకుడూ మామూలుగానే తీసుకుంటాడు. 2023లో ‘బలగం’ ఇంకో దారి పట్టింది. ఊరు ఊరంతా ఒకే యాసలో మాట్లాడినప్పుడు యాస గుర్తు కావడం మానేసి గాలిలా కనపడకుండా పోతుంది. అప్పుడిక మిగిలేది మనుషుల మధ్య తేడాలే.

ఆ సినిమాలో నల్లిబొక్క (మూలుగ ఉన్న ఎముక) గొడవను కొంచెం దగ్గరగా చూడాలి. ఇంటి అల్లుడికి తినేటప్పుడు నల్లిబొక్క పడలేదు. దాని మీద మాటా మాటా పెరిగి కూతురు, అల్లుడు ఏళ్ల తరబడి ఆ గడప తొక్కలేదు. కాగితం మీద ఇది అచ్చంగా కామెడీ ట్రాక్: తిండిపోతు అల్లుడు, అలిగి పోయిన అల్లుడు. తెలుగు సినిమా ఈ బాపతును ఎన్నిసార్లు వాడిందో లెక్కలేదు. ఇక్కడ కూడా ముందు నవ్వే వస్తుంది. తర్వాత ఇంటి పెద్ద కొమురయ్య చనిపోయి, పెట్టిన ముద్దను కాకి ముట్టకపోతే, ఇంటిల్లిపాదీ కారణం వెతుక్కుంటుంటే ఆ బొక్క మళ్లీ కథలోకి వస్తుంది. ఈసారి అది పదిమందిలో జరిగిన అవమానం, అన్నాచెల్లెళ్ల మధ్య అడ్డుగోడ. వస్తువు మారలేదు, దాని వెనక ఒక మనిషి లెక్క కనపడింది. మూసను పగలగొట్టాల్సిన పని లేదని ఈ సీన్లు చెబుతాయి. దానితో నవ్వించి, ఆ నవ్వుకు తర్వాత లెక్క అడగవచ్చు. సినిమా మధ్యలో ఉన్న కొమురయ్య మనవడు సాయిలు కూడా మంచివాడేమీ కాదు. నెత్తిన అప్పు, కట్నం డబ్బు మీద ఆశ, తాత చావు తన పెళ్లికి అడ్డొచ్చిందన్న విసుగు. అతని వెంట నడిచాం కాబట్టి ఆ విసుగూ మనదే అవుతుంది, తర్వాత వచ్చే సిగ్గూ మనదే.

‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో రాజు ప్రభుత్వ ఆఫీసులో అటెండర్, వయసు 49, పెళ్లి కాలేదు. మామూలు సినిమాలో ఈ మనిషి టీ తెచ్చి, ఒక జోకు పేల్చి, ఫ్రేములోంచి వెళ్లిపోతాడు. ఆ సినిమా అతను టీ ఇచ్చి బయటికొచ్చాక కూడా అతనితోనే ఉంది. చేసిన పనల్లా అదే.

ఇప్పుడు ఒక సీను చేతిలోకి తీసుకుని చూద్దాం. ఏ సినిమాలోదీ కాదు, ఇక్కడి కోసం అల్లినది. విశాఖలో ఒక ఫ్లాటు. పనిమనిషి అప్పలమ్మ చేతిలోంచి కాఫీ కప్పు జారి పగులుతుంది. మూస పద్ధతి అందరికీ కంఠతా వచ్చు: చప్పుడు, ‘ఓలమ్మో, నానేటి సేసేను, అదే జారిపోనాది’, ఇంటావిడ నుదురు కొట్టుకోవడం, వెనక టొయ్‌మని ఒక చప్పుడు, కోత. ఇరవై సెకన్లు.

అదే డైలాగు, అదే కప్పు ఉంచి మిగతాది మారుద్దాం. సీను కప్పుతో కాకుండా వంటింటి గోడకున్న క్యాలెండర్‌తో మొదలవుతుంది. అప్పలమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, దసరా తర్వాతి మంగళవారం మీద వేలు పెడుతుంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర ఆ రోజు. ఆమె పెదవులు కదులుతాయి: ఏదో అడగడానికి మాట కూర్చుకుంటోంది. కప్పు తీసుకుని హాల్లోకి వస్తుంది, ‘అమ్మగోరూ’ అని మొదలుపెడుతుంది, కప్పు జారుతుంది. పాత డైలాగే పడుతుంది, నవ్వూ పడుతుంది. తర్వాత ఆమె వంగి ముక్కలు ఏరుతూ అడుగుతుంది: ‘ఇది సెట్టులోదాండి, ఇడిదాండి?’ ఆ ప్రశ్నలో ఆమె బతుకు లెక్క మొత్తం ఉంది. విడి కప్పయితే జీతంలో ఒక కోత, ఆరింటి సెట్టయితే ఇంకో కోత. ఇంటావిడ ‘సర్లే, ఏదో అనబోయావు, ఏంటి?’ అంటుంది. ‘ఏటీ నేదండి.’ ఇంటావిడ ఫోను పట్టుకుని లోపలికి పోతుంది. కెమెరా పోదు. మూడు నాలుగు సెకన్లు అప్పలమ్మ దగ్గరే ఉంటుంది. ఆమె క్యాలెండర్ వైపు ఒకసారి చూసి, చీపురు అందుకుంటుంది.

పెరిగింది నిమిషం లోపు. ఇందులో ఆమె మంచిదో కాదో ఎక్కడా చెప్పలేదు. చెప్పిందల్లా ఆమెకు ఏం కావాలో, అది ఆ క్షణంలో ఎందుకు పోయిందో. ఆ కోరిక ఎలాంటిదో కూడా గమనించాలి. జబ్బుపడ్డ కూతురికి మందులని రాసి ఉంటే సీను చెడేది. పేద పాత్రలకు కోరిక అనగానే రచయిత చెయ్యి ఆసుపత్రి వైపే పోతుంది. అక్కడ పుట్టేది జాలి. జాలి పడే మనిషి పైనుంచి చూస్తాడు. కాసేపు కళ్లు తుడుచుకుని, తనకు ఆ గతి పట్టనందుకు లోపల్లోపల ఊపిరి పీల్చుకుంటాడు. జాతరకు పోవాలని, రెండు రోజులు పని మానాలని, కొత్త చీర కట్టాలని ఉండడం ప్రేక్షకుడికీ ఉన్న కోరికే. సహానుభూతి పుట్టడానికి ఆ పోలిక చాలు.

జాలి మూసకు పెద్దన్న. కన్నీళ్లు ఎక్కువైన పాత్ర వెటకారం ఎక్కువైన పాత్రంత బల్లపరుపుగానే ఉంటుంది. నవ్వే చోట ఏడవమంటారు, అంతే తేడా. పేదవాడు ఎప్పుడూ త్యాగమూర్తి, ముసలమ్మ ఎప్పుడూ దీవెనల మూట, అంధుడు ఎప్పుడూ గాయకుడు. ఇంకో అడ్డదారి ఆలస్యంగా వచ్చే ఫ్లాష్‌బ్యాక్. రెండు గంటలు హీరో వెనక జోకులు వేసిన స్నేహితుడికి ప్రీక్లైమాక్స్ దగ్గర మూడు నిమిషాల కన్నీటి గతం అంటిస్తారు, మరుసటి సీనులో చంపేస్తారు. ఆ గతం ముందు సీన్లలో ఏ నిర్ణయాన్నీ మార్చి ఉండదు కాబట్టి ప్రేక్షకుడు దాన్ని నమ్మడు. గతం ఉన్న మనిషి మొదటి సీను నుంచే ఏదో ఒకటి తప్పించుకుంటూ ఉంటాడు: ఒక ఫోను ఎత్తడు, ఒక వీధిలోకి రాడు. ఆ చిన్న తప్పించుకోవడం ముందే రాసుకుంటే తర్వాత ఫ్లాష్‌బ్యాకే అక్కర్లేకపోవచ్చు.

కెమెరా పక్కన నిలబడ్డ మనిషికే మన మనసు పోతుందన్నది రెండువైపులా పదునున్న సంగతి. ‘అర్జున్ రెడ్డి’ (2017) మీద ఇన్నేళ్లుగా జరుగుతున్న వాదన చాలావరకు ఇక్కడే ముడిపడి ఉంది. 182 నిమిషాల సినిమాలో దాదాపు ప్రతి సీనూ అర్జున్‌దే. కాలేజీలో తొలి పరిచయం రోజుల్లో, అర్జున్ ప్రేమించే ప్రీతికి ఏమనిపిస్తోందో సినిమా మనకు చెప్పదు; ఆమె ముఖం అతను చూస్తున్నంత సేపు మనమూ చూస్తాం, ఆమె చూపులోంచి అతన్ని చూడం. విడిపోయాక అతని నెలలు మందు, మత్తు, ఆసుపత్రి, కుక్క, స్నేహితుడు అన్నీ సీన్లుగా చూస్తాం. ఆమె నెలలు మాత్రం చివర్లో పార్కులో కొన్ని నిమిషాల మాటలుగా వింటాం. ఇద్దరూ పడ్డారు, ఒకరిది చూపించారు, ఒకరిది చెప్పించారు. అర్జున్ పాత్రను వెనకేసుకొచ్చేవాళ్లు, తిట్టేవాళ్లు వాదనంతా అతని గుణం మీద పెడతారు గానీ, లెక్క తేలాల్సింది సీన్ల పంపకంలో. చూపించిన బాధకూ చెప్పిన బాధకూ ప్రేక్షకుడి దగ్గర ఒకే ధర పలకదు.

సీమ సంగతిలో పంపకం ఇంకా విచిత్రం. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ వరసగా ఆడాక వేరుశనగ, కరువు, వలస ఉన్న ప్రాంతం తెర మీద సుమోలు పేలే మైదానంగా మిగిలింది. అక్కడి హీరోకు సహానుభూతి బాగానే దక్కింది. చచ్చిపడ్డ వందమందికీ పేరు కూడా దక్కలేదు. 2018లో ‘అరవింద సమేత’ మిగతా సినిమాలు ముగిసే నరుకుడుతోనే మొదలుపెట్టి, తర్వాత ఇంట్లో ఆడవాళ్లకు ఏం మిగిలిందన్న వైపు తిరిగింది. ఆ సినిమాలోనూ చివరికి కత్తే పని చేసిందనుకోండి. అయినా నరికినవాడి వెనక కాకుండా, శవం చేరిన గడప దగ్గర కెమెరా నిలబడటం ఆ బాపతు కథకు కొత్త.

వైకల్యం విషయంలో ఈ తేడాను 2024 జులై 8న సుప్రీంకోర్టే గీత గీసి చెప్పింది. ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమా మీద వచ్చిన కేసు అది. వైకల్యం గురించి అర్థం చేసుకునేలా చేసే హాస్యం ఒకటి, వైకల్యం ఉన్నవాళ్లను కించపరిచే హాస్యం మరొకటి, రెండూ ఒకటి కావు అని కోర్టు విడదీసింది. సినిమాను ఆపలేదు గానీ తీసేవాళ్లకు సూచనలు ఇచ్చింది: చులకన మాటలు వాడొద్దు, ‘బాధితుడు’, ‘పీడితుడు’ లాంటి మాటలతో లోపాన్ని ఆ మనిషి సొంత సమస్యగా చేసి, సమాజం పెట్టే అడ్డంకులను మరుగుపరచొద్దు, జబ్బు వైద్యపరంగా ఎలా ఉంటుందో సరిచూసుకోండి, రాసేటప్పుడు ఆ మనుషులను కూడా కలుపుకోండి. నిజానికి 1991 నాటి సెన్సార్ మార్గదర్శకాల్లోనే శారీరక, మానసిక లోపాలున్నవారిని అవసరం లేకుండా ఎగతాళి చేసే సీన్లు ఉండకూడదని ఉంది. అయినా నత్తి, మెల్లకన్ను, చెవుడు ఈ ముప్పయ్యేళ్లూ కామెడీ ట్రాకుల్లో తిండి సంపాదించి పెడుతూనే ఉన్నాయి. చెవిటి పాత్రతో వచ్చే జోకులో ఎప్పుడూ మాట తప్పు విని తప్పు జవాబిచ్చేదే చూస్తాం. అదే సీనును ఆ మనిషి చెవిలోంచి వినిపిస్తే, అంటే చప్పుళ్లు సగానికి దించి, ఎదుటివాడి పెదవులు మాత్రం కదులుతున్నట్టు చూపిస్తే, జోకు చావదు. దిక్కు మారుతుంది: ఇప్పుడు వింతగా కనపడేది అవతల గొంతు చించుకుంటున్న పెద్దమనిషి. ‘రంగస్థలం’ (2018) హీరోకే వినికిడి లోపం పెట్టి, దాన్ని కథ మలుపులకు వాడుకుంది. హీరో అయ్యేసరికి ఆ లోపానికి ఒక మనిషి ముఖం, ఒక మొండితనం వచ్చాయి. పక్క పాత్రకు అంత అదృష్టం ఇంకా పట్టలేదు.

పని దగ్గర దీన్ని సరిచూసుకునే తీరు పెద్ద కష్టమైనది కాదు, ఓపిక కావాలంతే. స్క్రిప్టు పూర్తయ్యాక ఒక్కో పక్క పాత్రకు ఒక కాగితం తీసి, ఆ పాత్ర ఉన్న సీన్లన్నీ వరసగా దించుకోవాలి. సీను తనతో మొదలైందా, లేక నడుస్తున్న సీనులోకి వచ్చిందా? ఎవరినైనా ఏమైనా అడిగిందా? ఒక్కసారైనా కాదందా? ఎదుటివాళ్లు వెళ్లాక ఒక్క క్షణమైనా తెర మీద ఉందా? ఎనిమిది పది సీన్లున్న పాత్రకు ఈ నాలుగిట్లో ఒక్కదానికీ ‘అవును’ రాకపోతే అది మూసే, డైలాగు ఎంత బాగున్నా సరే. తర్వాత యాస పరీక్ష: ఆ పాత్ర జోకులన్నీ మామూలు తెలుగులోకి మార్చి బయటికి చదవాలి. అప్పుడూ నవ్వు వస్తే జోకు బతికినట్టు. రాలేదంటే ఇన్నాళ్లూ నవ్వించింది ఊరి పేరు. యాసకు ఆ ప్రాంతపు మనిషిని కూర్చోబెట్టుకోవడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు గానీ, డైలాగు రాసేశాక ‘దీన్ని కొంచెం మీ భాషలోకి మార్చండి’ అంటే అతుకులే పడతాయి. సీను చెప్పి, ‘మీ ఊళ్లో ఇలాంటప్పుడు ఏమంటారు’ అని అడిగితే వాక్యమే వేరేగా వస్తుంది. ఒక్కోసారి అక్కడ ఏమీ అనరని, ఊరుకుంటారని తెలుస్తుంది. అది డైలాగు కంటే విలువైన సమాచారం.

సెట్టు మీద జారిపోయేది క్లోజప్. హీరోవి, ఇంటావిడవి తీసేసరికి సూర్యుడు వాలిపోతాడు, లేదా చిన్న పాత్రధారి కాల్షీట్ అయిపోతుంది. ‘ఆమెది మాస్టర్‌లో (సీనంతా ఒకేసారి దూరం నుంచి తీసే షాటులో) ఉందిగా’ అని సర్దుకుంటారు. ఎడిటింగ్ గదిలో ఆమె ముఖం కావాల్సి వచ్చినప్పుడు ఫ్రేము చివర వేలెడంత మనిషి తప్ప ఏమీ ఉండదు. లేని షాటును ఎంత గొప్ప ఎడిటరైనా పుట్టించలేడు. కాబట్టి ఆ చూపు స్క్రిప్టులోనే విడి షాటుగా రాసి, షాట్ల పట్టీలో ముందు వరసలో పెట్టించాలి. డబ్బింగ్ థియేటర్లో ఇంకో ప్రమాదం కాచుకుని ఉంటుంది: సెట్టు మీద మెల్లగా అన్న మాటను అక్కడ ‘కొంచెం యాస పెంచండి’ అని మళ్లీ చెప్పిస్తారు. నటి ముఖం ఒకటి చెబుతుంటుంది, గొంతు ఇంకొకటి. ఆ తర్వాత రీరికార్డింగ్‌లో, అంటే నేపథ్య సంగీతం కలిపేటప్పుడు, టొయ్‌మని పడుతుంది. ఆ చప్పుడు తీసేసి సీను ఒకసారి వేసి చూడండి. సగం సీన్లకు దాని అవసరం లేదని, మిగతా సగం అది లేకపోతే అసలు నవ్వే రాదని తెలుస్తుంది. ఆ రెండో సగాన్నే మళ్లీ రాసుకోవాలి.

ప్రివ్యూలో తెర వైపు కాకుండా జనం వైపు చూస్తూ, నవ్వు ఎక్కడ మొదలవుతోందో కాగితం మీద గుర్తుపెట్టుకోవడం పాత అలవాటే. దానికి ఒక్క గీత కలపాలి: మాట పూర్తయ్యాక నవ్వారా, పూర్తికాకముందేనా? పాత్ర నోరు తెరిచీ తెరవకముందే నవ్వు లేచిన చోట మూస తన పని తాను చేసుకుపోతోంది. అక్కడ తిరిగి రాయడానికి టైము లేకపోతే వరస మార్చినా కొంత నయమవుతుంది. మాట కంటే ముందు, ఆ మనిషి తన పనిలో ఒంటరిగా ఉన్న ఐదు సెకన్లు చూపించాలి, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా. అప్పలమ్మ సీనులో ఆ ఐదు సెకన్లు క్యాలెండర్ దగ్గరివి. ఆ షాటు తీసి ఉంటే ముందుకు జరపడానికి ఎడిటర్‌కు పది నిమిషాలు పట్టదు. తీయకపోతే, విప్పేసిన వంటిల్లు సెట్టు మళ్లీ వేయాలి.